జబ్బు బూబూసరాది, తెజెక్‌ది కాదు

మా ఊళ్ళో ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తరు. "చెడ్డది" అంటారు. ఫలానావాళ్ళ కోడలికి చెడ్డది వచ్చిందట అని చెవిలో ఊది, తుపుక్కు తుపుక్కుమని మూడుసార్లు ఉమ్మి, మళ్ళీ టీ గిన్నె అందుకుంటారు. నేను క్యాన్సర్ అనే అంటాను. అందుకే నన్ను పెళ్ళి విందులకి పిలవడం తగ్గించారు. పిలవకపోతే పీడా పోయె.

క్యాన్సర్ వచ్చి కూడా చావనివాళ్ళం ఊరు మొత్తానికి ముగ్గురం. ముగ్గురికీ మూడు సిద్ధాంతాలు. ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది, మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలి అన్నది ఎవరికి వాళ్ళం తేల్చేసుకున్నాం. డాక్టరు చెప్పింది దాని ముందు దిగదుడుపు. ఆస్పత్రి గుమ్మం ఎక్కాలా వద్దా, మాత్ర గొంతులో వేసుకోవాలా పొయ్యిలో వేయాలా, అంతా ఆ సిద్ధాంతమే చూసుకుంటుంది.

బెయిషెన్ సంగతి ముందు చెప్తాను. చైనా సరిహద్దు కనుమల మీదుగా ముప్ఫై ఏళ్ళు లారీ తోలాడు. కడుపులో వచ్చింది, సగం కడుపు కోసి తీసేశారు. ఆయన దృష్టిలో ఒళ్ళంటే లారీ. "చప్పుడు బాగుంది కదా అని బానెట్ తెరవనివాడే కనుమ మధ్యలో ఆగి చస్తాడు" అంటాడు. అందుకని వారం వారం బానెట్ తెరిపించుకుంటాడు. రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, దొరికితే మోకాలు. ఆయన తెల్ల ఉన్ని టోపీ గేటు దగ్గర కనపడిందంటే జిల్లా ఆస్పత్రి డాక్టరు వెనక గుమ్మంలోంచి భోజనానికి వెళ్ళిపోతాడు. రిపోర్టు బాగుందంటే ఈయన నమ్మడు. "ఆ యంత్రం పాతది, దాన్ని ముందు ఎవరికన్నా చూపించండి" అంటాడు.

రెండోదాన్ని నేను. ఉల్కాన్‌ని. గని పనివాళ్ళ బట్టలు ఉతికే చోట పనిచేశాను. నా గర్భసంచిలో వచ్చింది. నాది గని దుమ్ము వల్ల వచ్చింది, నా కోపం వల్ల పోయింది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. గని మేనేజరు మీద, మంత్రి మీద, బట్టల మీద గంధకం రంగు మరక మీద, అన్నిటి మీదా మండిపడుతూ మందు ఎక్కించుకున్నాను. పక్క మంచాల్లో నవ్వుతూ సర్దుకుపోయినవాళ్ళు పోయారు. నేను ఉన్నాను. ఇప్పుడు డాక్టరు రక్తపోటు మాత్రలు రాసిస్తున్నాడు. అవి వేసుకుంటే కోపం చల్లారుతుంది. కోపం చల్లారితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఆ మాత్రలు పొయ్యిలోకి పోతాయి.

మూడోది బూబూసరా. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అందుకని నేను ఎజె అంటాను, అక్క అన్నట్టు. బడిలో వంటమనిషి. పెద్ద మనిషి, పెద్ద గొంతు, తలుపులో పడితే వెలుతురు ఆగిపోతుంది. ఆమెకి రొమ్ములో వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకి రోజుతో సహా తెలుసు. అరవయ్యో పుట్టినరోజు విందులో తలాస్ నుంచి వచ్చిన వియ్యపురాలు, "ఈ మనిషికి రోగమంటే ఏంటో తెలీదమ్మా, ఆడగుర్రంలా ఉంది" అంది. అని దిష్టి పోయేలా ఉమ్మలేదు. అది చాలదన్నట్టు విందు నడిపించేవాడు మైకు పట్టుకుని, "జుమాబెక్ కూతురు బూబూసరా! నూరేళ్ళు!" అని అరిచాడు.

"మైకులోనే ఉల్కాన్! తండ్రి పేరుతో సహా! సరస్సు అవతలి ఒడ్డుకి కూడా వినబడి ఉంటుంది. జబ్బుకేమన్నా చెవుడా?" అంటుంది.

కాబట్టి జబ్బుకి ఆమె పేరూ తెలుసు, ఇల్లూ తెలుసు. రాజధానిలో ఆపరేషను చేశారు, మందు ఎక్కించారు, జుట్టు రాలింది, జుట్టు మొలిచింది. ఇంటికొచ్చి మూడు రోజులు ఆలోచించి, తన్ను తాను అమ్మించుకుంటానంది.

పిల్లల్ని అమ్మడం మా దగ్గర ఉన్నదే. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని కిటికీలోంచి పక్కింటావిడకి అమ్మేస్తారు. చావు గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది కదా, దానికి కిటికీ సంగతి తట్టదు. పక్కింటావిడ తన గుమ్మంలోంచి తీసుకెళ్ళి తన బిడ్డ అంటుంది, వినేవాళ్ళకి రోత పుట్టే పేరొకటి పెడుతుంది. మా తమ్ముడి పేరు ఇతాల్మస్. కుక్క కూడా ముట్టదని. బతికాడు. లావుగా ఉన్నాడు.

కానీ అవన్నీ చంటిపిల్లల సంగతులు. అరవై దాటిన వంటమనిషిని కిటికీలోంచి ఎవరన్నా పంపుతారా?

పంపారు. నేను కళ్ళారా చూశాను.

కొనేది జూరకాన్ అపా, అపా అంటే అమ్మ అన్నట్టు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మ. తొమ్మండుగురిని కని తొమ్మండుగురినీ దక్కించుకున్న ఇల్లు, అందుకని ఊళ్ళో పిల్లల్ని కొనే హక్కు ఆవిడదే. అమ్మడానికి తల్లి ఉండాలి. బూబూసరా తల్లి ఎప్పుడో పోయింది. అందుకని కోడలిని లోపల నిలబెట్టారు. "ఈ పిల్ల మాకొద్దు, తీసుకుపొండి" అనాలి. ఆ కోడలు ఆ మాట ఎంత సంబరంగా అందంటే, బూబూసరా కిటికీలో వేలాడుతూ కూడా వెనక్కి తిరిగి చూసింది.

వేలాడుతూ ఎందుకంటే, తల, భుజాలు బయటికొచ్చాయి, నడుము దగ్గర ఇరుక్కుంది. పాతకాలపు కిటికీ, చలి రాకుండా చిన్నగా పెట్టింది. జూరకాన్ కొడుకులు నలుగురు బయట గొర్రెతోలు పట్టుకుని నిలబడ్డారు. లోపలినుంచి కోడలు తోస్తోంది, చాలా మనసుపెట్టి తోస్తోంది. బెయిషెన్‌కి ఇది లారీ వెనక్కి తీసే పనిలా కనపడింది. పెరట్లో నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టాడు.

"ఎడమకి! ఎడమకి తిప్పు! ఇంకాస్త రానీ... ఆగాగు! వెనకచక్రం పట్టేసింది!"

"వెనకచక్రం నీ అమ్మకి! లాగండిరా!" అని బూబూసరా అరిచింది.

"పిల్ల మాట్లాడకూడదే!" అంది జూరకాన్. "మాట్లాడే పిల్లని నేను కొనను."

బూబూసరా నోరు మూసుకుంది. నలుగురూ కలిసి లాగారు. మనిషి వచ్చింది. కిటికీ చట్రం కూడా వచ్చింది. నడుముకి ఆ చట్రంతోనే గొర్రెతోలులో పడి, పసిపిల్లలా ఏడవాలి కాబట్టి ఏడ్చింది. అందులో కొంత నిజం ఏడుపే అనుకుంటాను. జూరకాన్ గిన్నెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది, తన గుమ్మంలోంచి లోపలికి తెప్పించింది, పుట్టినబిడ్డకి పెట్టినట్టు కాచిన వెన్న వేలితో తీసి నోట్లో పెట్టింది. పేరు తెజెక్. అంటే పిడక. చావుకి పిడకతో పనేంటి?

ఆ రోజు నుంచి బూబూసరా అని పిలిస్తే పలకదు. పిలిచినవాళ్ళ కాళ్ళ దగ్గర ఉమ్ముతుంది. పడుకునేది తన ఇంట్లోనే, కిటికీకి కొత్త చట్రం పెట్టించుకుంది. పొద్దున్నే మాత్రం కొన్న తల్లి దగ్గరికి టీకి వెళ్తుంది. తల్లి వదులుతుందా? తివాచీలు దులిపిస్తుంది, ఆవుపేడ ఎత్తిస్తుంది. "పిల్ల ఊరికే తింటుందా?" అంటుంది జూరకాన్. "ఇదెంత తింటుందో చూశావా? తవుడు గిట్టుబాటు కాలా."

నవ్వుకున్నాం. ఏడాది పాటు నవ్వుకున్నాం. నవ్వు ఎక్కడ ఆగిందంటే, ఆస్పత్రి దగ్గర.

ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టర్లు చెప్పారు. ఆస్పత్రివాళ్ళ కాగితాల్లో ఉన్నది బూబూసరా. వాళ్ళు ఫోన్ చేస్తే ఈమె ఎత్తి, మర్యాదగా, "బూబూసరా ఇక్కడ లేదండీ. ఎక్కడుందో తెలీదు. మీకు కనపడితే జాగ్రత్త" అని పెట్టేసేది. రెండేళ్ళు ఇలా గడిచింది. నేను అరిచాను. నేను అరిస్తే ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు, కాకి అరిచినట్టే.

ఆ చలికాలం ఒక గురువారం మేమిద్దరం ఆవిరి స్నానాల గదికి వెళ్ళాం. వేడి, పొగమంచులాంటి ఆవిరి. బల్ల మీద బోర్లా పడుకుని, "వీపు రుద్దు, గట్టిగా రుద్దు, నేనేమన్నా గాజుబొమ్మనా?" అంటోంది. రుద్దుతున్నాను. చెయ్యి పైకెత్తమన్నాను. కోత మచ్చ చివర, చంకలో, నా వేళ్ళ కింద ఏదో తగిలింది. ఆప్రికాట్ గింజంత. నొక్కితే కదల్లేదు.

నా చెయ్యి ఆగింది. ఆమె కూడా ఆగింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"ఎజె, నాతో ఆటలొద్దు."

"కోడలు కొత్త పరుపు కుట్టింది. ఉన్ని ఉండ ఒత్తుకుని వాచింది."

"చంకలోనా? పరుపు చంకలో పెట్టుకుని పడుకుంటావా?"

ఆమె లేచి కూచుంది. చెమటో కన్నీళ్ళో ఆ ఆవిరిలో తెలీదు. గొంతు తగ్గించింది. ఆ గొంతు తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

"ఉల్కాన్, విను. అది బూబూసరాని వెతుక్కుంటూ తిరుగుతోంది. ఇల్లు వాసన చూసింది, చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఇంకా రూఢి చేసుకోలా. నేనిప్పుడు ఆస్పత్రికి వెళ్ళానే అనుకో. అక్కడ నర్సు బూబూసరా అంటుంది. నేను ఆఁ అంటాను. అయిపోయింది. నేనే నా నోటితో పట్టించినట్టు."

నేను ఎదురు చెప్పబోయి   బకెట్‌ని తన్నాను.

మర్నాడే జిల్లా ఆస్పత్రికి వెళ్ళి చీటీలిచ్చే కిటికీ ముందు నిలబడ్డాను. పట్టణం నుంచి రొమ్ము ఎక్స్‌రే బస్సు వచ్చే వారం వస్తుందని తెలిసింది. లోపల నర్సు అల్లిక సూదులు పట్టుకుని మేజోడు అల్లుకుంటోంది.

"తెజెక్ అని ఒకామె వస్తుంది. పేరు పిలవకుండా చూడాలి" అన్నాను.

"పాస్‌పోర్టులో పేరేంటి?"

"అది చెప్పకూడదు."

"ఎందుకు, దొంగతనం చేసిందా?"

నేను మొదలుపెట్టాను. ప్రజల ఆరోగ్యం, ప్రజల నమ్మకం, ప్రజల డబ్బుతో కూచున్న కుర్చీ, అన్నీ చెప్పాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు తప్పుకున్నారు. నర్సు ఒక వరస అల్లడం పూర్తిచేసి తలెత్తింది.

"అక్కా, పేరు పిలవకుండా వరసన చూస్తూ పోతాననుకో. ఎవరి ఎక్స్‌రే ఎవరిదో నాకెలా తెలుస్తుంది? మీది ఆమెకిచ్చి ఆమెది మీకిచ్చి పంపనా? అప్పుడూ మీరే వచ్చి అరుస్తారు."

నిజమే. అరుస్తాను. ఆమె మాటలో తప్పు ఎక్కడుందా అని ఇంటిదాకా వెతికాను. దొరకలేదు. ఇంకా మండింది.

ఆ సాయంత్రం జూరకాన్ ఇంట్లో కూచున్నాం. టీ కాగుతోంది, బోర్సోక్‌లు బట్ట మీద గుట్టగా పోసి ఉన్నాయి. పిండి ముక్కలు నూనెలో పొంగించడంలో జూరకాన్ చెయ్యి తిరిగినది. తెజెక్ మూల కూచుని ఉన్ని ఏరుతోంది. బెయిషెన్ కూడా ఉన్నాడు, ఆ రోజు చెవులు చూపించుకుని వచ్చి చెవుల గురించి చెప్తున్నాడు.

నేను నేరుగా చెప్పేశాను. గడ్డ ఉంది, బస్సు వస్తోంది, ఈవిడ రానంటోంది.

జూరకాన్ టీ గిన్నె కింద పెట్టింది. తెజెక్ వైపు తిరిగింది.

"ఇట్రా పిల్లా."

అరవై మూడేళ్ళ పిల్ల వెళ్ళి ముందు కూచుంది. ముసలమ్మ ఆమె చంకలో చెయ్యి పెట్టి చూసింది. మొహం నల్లబడింది.

"నా గుమ్మంలోకొచ్చిన బిడ్డ ఒక్కటీ పోలేదే! నా ఇంటి పేరు చెడగొడతావా? తవుడు తిన్నదానివి!"

"నేను తినలేదు అపా, మా కోడలు కోళ్ళకి పెట్టింది."

"నోర్ముయ్. బస్సు వచ్చిన రోజు నేనే తోలుకుపోతా."

"నువ్వు తోలుకుపో అపా, వస్తా. పేరు పిలిస్తే మాత్రం పలకను. చంపినా పలకను." తర్వాత నా వైపు వేలు చూపించింది. "అసలు ఇది నాకు చెప్పేదేంటి? డాక్టరు రాసిన మాత్ర ఇది వేసుకుంటోందా? అడుగు. ఆస్పత్రి, ఆస్పత్రి అని నా ప్రాణం తోడేస్తుంది. పోయిన నెల బజార్లో కళ్ళు తిరిగి బంగాళాదుంపల బుట్టలో కూలబడింది. అందరూ చూశారు."

"అది వేరే సంగతి" అన్నాను.

"ఏం వేరే? దీని జబ్బు కోపానికి భయపడి పోయిందట! మాత్ర వేసుకుంటే కోపం పోతుందట, కోపం పోతే జబ్బు వస్తుందట. నాది మూఢనమ్మకం, దీనిది సైన్సు!"

బెయిషెన్ నవ్వాడు. సగం కడుపుతో అంత నవ్వు నవ్వకూడదు.

"మీరు నవ్వకండి బాయ్కె" అన్నాను, అన్నగారూ అన్నట్టు. "మీ చెవుల్లో ఏం దొరికిందట?"

"గులిమి" అన్నాడు గంభీరంగా. "మళ్ళీ బుధవారం రమ్మన్నారు. నేనే వస్తానన్నాననుకో." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పిడకా, ఒక మాట. ఆ చెడ్డది పేరు పట్టుకునే వస్తుంది, అంతేనా?"

"అంతే."

"పలికినవాళ్ళ మీద పడుతుంది?"

"ఆఁ."

"అయితే నేను పలుకుతా."

బెయిషెన్ టోపీ సర్దుకున్నాడు.

"నర్సు బూబూసరా అంటుంది. నేను ఆఁ అంటా. గట్టిగా, ఆ చెడ్డదానికి వినబడేలా. నువ్వు గమ్మున లోపలికి వెళ్ళి పని చూసుకో. రానీ, నా మీద పడనీ. నన్ను వారం వారం చూస్తున్నారు. ఎక్కడ దాక్కుంటుంది నాలో? వచ్చినరోజే దొరికిపోతుంది."

నా జీవితంలో ఇంత తలకాయలేని మాట వినలేదు. నోరు తెరిచాను. అప్పుడు తెజెక్ మొహం చూశాను. ఆమె ఆయన్ని చూస్తోంది, మంచులో ఇరుక్కున్నవాడు వచ్చే లారీ దీపాల్ని చూసినట్టు. నోరు మూసుకున్నాను.

"నీకేమన్నా అయితే?" అందామె.

"నాకేమవుద్దే? ఉన్నదే సగం కడుపు."

తెజెక్ కాసేపు ఉన్ని ఏరింది. తర్వాత తల పంకించింది. "వస్తా. కానీ ఇది కూడా మాత్ర వేసుకోవాలి. నా ముందర. నాలుక ఎత్తి చూపించాలి. నేనొక్కదాన్నే భయపడాలా?"

అందరూ నా వైపు తిరిగారు. జూరకాన్ నీళ్ళ గిన్నె నా ముందుకు తోసింది. నా బీపీ మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి, పొయ్యిలో వెయ్యాలని తెచ్చుకున్నవి. వాళ్ళ ఎదురుగా మింగాను. నాలుక ఎత్తి చూపించాను. నిజం చెప్పాలంటే, నా ఒంట్లోంచి కాపలా కుక్క గొలుసు తెంపుకుని పోయినట్టు అనిపించింది. ఇంటికి వెళ్ళి గని మేనేజరుని తలుచుకుని చూశాను, కోపం ఉందా లేదా అని. ఉంది. కొంచెం నెమ్మదిగా వచ్చింది, అంతే.

బస్సు వచ్చిన రోజు బాగా చలి. ఆస్పత్రి ఆవరణలో ఆడవాళ్ళు గొర్రెతోలు కోట్లలో వరసగా నిలబడ్డారు. ఆ వరసలో బెయిషెన్ ఒక్కడే మగవాడు. తెల్ల టోపీ, తెల్ల మీసం, మడమల దాకా కోటు. ఆయన పక్కన తెజెక్, ఆమె వెనకాల గుంజలా బిగుసుకుని జూరకాన్. పారిపోకుండా తెజెక్ నడుముకట్టు కొస ముసలమ్మ చేతికి చుట్టుకుంది.

"బాయ్కె, ఇది ఆడవాళ్ళ బస్సు" అంది ముందున్నామె.

"తెలుసమ్మా. నా వంతు రానీ."

బస్సు తలుపు తెరుచుకుంది. మేజోడు అల్లే నర్సే, చేతిలో ఊళ్ళో ఆడవాళ్ళ జాబితా. "జుమాబెక్ కూతురు బూబూసరా!"

తెజెక్ నా చెయ్యి పట్టుకుంది. ఎముక విరుగుతుందనుకున్నాను.

"ఉన్నా!" అని బెయిషెన్ ఒక్క అరుపు అరిచాడు. కనుమ మలుపులో హారన్ కొట్టినట్టు. ఆవరణలో కాకులు లేచాయి. "నేనే! బూబూసరాని! ఇక్కడే ఉన్నా! ఎవరికన్నా పని ఉంటే నాతో చూసుకోవచ్చు!"

వరస మొత్తం ఆయన మీసాన్ని చూసింది. నర్సు నన్ను చూసింది. నన్ను గుర్తుపట్టింది. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో గౌరవం పుట్టింది.  బెయిషెన్‌ని, "సరే బూబూసరా, అక్కడ నిలబడండి" అంది. తెజెక్‌ని, "నువ్వెవరమ్మా?" అంది.

"పిడకని."

"రా పిడకా, పైకెక్కు. మెట్టు జారుతుంది."

లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మేం బయట చలిలో నిలబడ్డాం. బెయిషెన్ కదలకుండా, మిలిటరీవాడిలా, బూబూసరాగా నిలబడ్డాడు. ఎవరో తన ఒంట్లోకి దూరుతున్నారా అని చెవిపెట్టి వింటున్నట్టుంది. కొంచెంసేపటికి చిన్నగా అన్నాడు.

"ఉల్కాన్, నాకు ఎడమ వైపు పొడుస్తోంది."

"అది మీ సంచిలో ఉన్న దువ్వెన బాయ్కె."

"ఏమో. ఒకసారి నాకు కూడా ఆ ఎక్స్‌రే తియ్యమను. పేరు తీసుకున్నా కదా."

తియ్యమని గోల చేసి నిజంగానే తీయించుకున్నాడు. ఆయన ఛాతీ మీద ఆ పలకలకి పట్టుకునేందుకు ఏమీ దొరకలేదట. నర్సు మేజోడు అడ్డం పెట్టుకుని నవ్విందట. ఆయనకి ఏమీ లేదు. యంత్రం పాతదన్నాడు.

తెజెక్‌కి ఉంది. బస్సు డాక్టరమ్మ పట్టణానికి పంపింది. సూది పెట్టి తీసి చూశారు. అది అదే. చిన్నగా ఉంది, పక్కకి పాకలేదు, కోసి తీసేస్తే సరిపోతుందన్నారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. మాత్ర వల్ల అనుకుంటాను, అడగాలనిపించలేదు.

ఆపరేషనుకి ముందు రోజు పట్టణం ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూచున్నాను. అంతవరకు పేరు పిలిచినప్పుడల్లా బెయిషెన్ కాపలా ఉండి పలుకుతూ వచ్చాడు. రక్తం తీసేటప్పుడు పలికాడు, గది చూపించేటప్పుడు పలికాడు. డాక్టర్లు ఆయన్ని మొగుడనుకున్నారు. తర్వాత మతి చెడ్డ మొగుడనుకున్నారు. కానీ పక్క మంచం ఆమె ఒక మాట వేసింది: రేపు బల్ల మీద పడుకోబెట్టాక, మత్తు ఇచ్చే ముందు, ఎవరికి వాళ్ళే పేరు చెప్పాలట. ఒకరిది ఇంకొకరికి కొయ్యకుండా అలా అడుగుతారట. వేరేవాళ్ళు చెబితే ఒప్పుకోరట.

తెజెక్ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"లోపలికి బెయిషెన్‌ని రానివ్వరుగా?"

"రానివ్వరు ఎజె."

"నువ్వు అరిస్తే?"

"అరిచినా రానివ్వరు."

 నేను ఎంతోమందికి ఎన్నో చెప్పినదాన్ని. గని మీద గొడవకి జనాన్ని రోడ్డు మీదకి తెచ్చినదాన్ని. ఆ రాత్రి నేను చేసిందల్లా ఒక్కటే. లేచి వెళ్ళిపోతుందేమోనని తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాను. రేపు ఆమె ఆ బల్ల మీద నోరు విప్పాలి, లేదా ఇంటికి పోయి చావాలి. అది ఆమె ఒక్కదాని పని. నా అరుపు కానీ, బెయిషెన్ అరుపు కానీ అక్కడికి చేరవు.

పొద్దున్న చక్రాల బల్ల వచ్చింది. ఆమె నాతో ఏమీ అనలేదు. జూరకాన్ ఇచ్చి పంపిన కాచిన వెన్న ముదురు రంగు డబ్బాలో ఉంటే, వేలు ముంచి పెదవులకి రాసుకుంది. నర్సు కోప్పడి తుడిచేసింది. తలుపులు మూసుకున్నాయి. బెయిషెన్ ఆ తలుపుల ముందు నిలబడి, వినబడినా వినబడకపోయినా, "ఉన్నా, ఇక్కడ బూబూసరా ఉంది" అని ప్రతి పది నిమిషాలకీ గొణుగుతూనే ఉన్నాడు.

లోపల జరిగింది తర్వాత తనే చెప్పింది.

మత్తు డాక్టరు కుర్రవాడట. ముసుగు, కళ్ళు మాత్రం కనపడతాయట. "మీ పేరు చెప్పండి అమ్మా" అన్నాడట. ఈమె పైన దీపం వైపు చూస్తూ పడుకుందట. అతను మళ్ళీ అడిగాడట.

"బాబూ, ఇప్పుడు కోసి తీసింది ఏం చేస్తారు?" అని అడిగిందట.

"పరీక్షకి పంపి, తర్వాత కాల్చేస్తాం."

"దాంతోపాటు పేరు కూడా పోతుందా?"

ఆ కుర్రవాడికి ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. "దాని మీద మీ పేరే రాస్తాం అమ్మా, డబ్బా మీద" అన్నాడట.

"అప్పుడు తట్టింది ఉల్కాన్!" అంది ఇంటికొచ్చాక, దిండుకి ఆనుకుని, కట్టుతో, రాణీలా. "ఇన్నాళ్ళూ దాక్కోవడం తప్పు. వాళ్ళు కోసేది బూబూసరాని. కాల్చేది బూబూసరాని. మరి బూబూసరా దొరక్కపోతే ఎవర్ని కోస్తారు? నన్ను కోస్తారు, పిడకని! అందుకని గట్టిగా చెప్పా. 'బూబూసరాని, జుమాబెక్ కూతుర్ని, కొయ్యండి' అన్నా. మైకు ఉంటే మైకులోనే చెప్పేదాన్ని."

ఇది విని నేను కోపం తెచ్చుకోవాలి. ఇందులో తర్కం లేదు, సైన్సు లేదు, గని దుమ్ము ప్రస్తావన అసలే లేదు. ఆ డబ్బా మీద పేరు రాయడం ఎందుకో, పరీక్ష ఎందుకో కూచోబెట్టి చెప్పాలనుకున్నాను. ఆమె రంగు బాగుంది. రెండు గిన్నెల పులుసు తాగింది. చెప్పడం మానేశాను.

ఇప్పుడు మూడు నెలలకోసారి తప్పకుండా వెళ్తుంది. నాకంటే ముందే వ్యాను దగ్గర నిలబడుతుంది, వేళ దాటితే డ్రైవర్ని తిడుతుంది. ఎక్కడికి వెళ్తున్నావని ఊళ్ళోవాళ్ళు అడిగితే, "పట్టణానికి. బూబూసరా ఎలా ఉందో కనుక్కుని రావాలి. పాపం, దానికి ఎవరున్నారు?" అంటుంది. ఒళ్ళో పెద్ద గుడ్డమూట. అందులో బోర్సోక్‌లు, ఆప్రికాట్ జామ్. రోగిని చూడటానికి ఉత్తి చేతులతో వెళ్ళే అలవాటు మాకు లేదు.

నర్సు "బూబూసరా!" అంటే లేచి, "ఆమె తరఫున వచ్చా" అంటుంది. నర్సులకి అలవాటైంది, మూట చూసి ఎదురొస్తున్నారు. డాక్టరమ్మ చూసి, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది అంటుంది. "చెప్తాను అమ్మా, సంతోషిస్తుంది" అంటుందీమె.

బెయిషెన్‌కి మనసు చివుక్కుమంది. పేరు వెనక్కి తీసుకున్నారని. వారం వారం వెళ్ళడం మాత్రం మానలేదు.

నేను రోజూ మాత్ర వేసుకుంటున్నాను. నమ్మి కాదు. పొద్దున్నే ఆమె జూరకాన్ ఇంటికి పోతూ మా గోడ దగ్గర ఆగి, "నాలుక!" అని అరుస్తుంది. ఆ గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. నేను తలుపు తీసుకుని బయటికొచ్చి, ఊరంతా చూస్తుండగా నాలుక ఎత్తి చూపిస్తాను. పరువు పోతోంది. కోపం వస్తోంది. వస్తూనే ఉంది కదా అని ధైర్యంగా ఉంది.